ఇంట్లో మొక్కలు చావకుండా పెంచాలంటే: ముందు వెలుతురు చూడండి, తర్వాతే నీళ్ళు

ఇంట్లో మొక్క వాడిపోతే మనలో చాలామంది చేసే మొదటి పని మగ్గుతో నీళ్ళు పట్టుకొచ్చి పోసెయ్యడం. నేనూ అంతే చేసేదాన్ని. మొదటి ఏడాది నా చేతిలో ఐదో ఆరో మొక్కలు పోయాయి, అందులో ఒక్కటి కూడా నీళ్ళు లేక ఎండిపోలేదు, అన్నీ కుళ్ళిపోయే పోయాయి. ఒక పీస్ లిల్లీ అయితే ఆకులు వాలిపోయాయని నీళ్ళు పోశా, ఇంకా వాలింది, ఇంకా పోశా, చివరికి విసుగొచ్చి కుండీలోంచి లాగి చూస్తే వేర్లు నల్లగా మెత్తగా అయిపోయి చేతికి ఊడొచ్చాయి, వాసనైతే డ్రైనేజీ వాసన.

ఇలా ఎందుకవుతుందంటే వేర్లకి కూడా ఊపిరి కావాలి. మట్టి రేణువుల మధ్య సందుల్లో గాలి ఉంటుంది కదా, ఆ గాలిలో ఆక్సిజన్ వేర్లు వాడుకుంటాయి. ఆ సందులన్నీ ఎప్పుడూ నీళ్ళతోనే నిండి ఉంటే వేర్లకి ఊపిరాడదు, మెల్లగా చస్తాయి, ఆ చచ్చిన వేర్ల మీదకి పిథియం లాంటి కుళ్ళు తెచ్చే జీవులు చేరతాయి. చచ్చిన వేరు నీళ్ళు లాగలేదు. అందుకే తడి మట్టిలో నిలబడి కూడా మొక్క దాహంతో వాలిపోతుంది, మనం చూసి పాపం నీళ్ళు చాలట్లేదు అనుకుని ఇంకో మగ్గు పోస్తాం.

మరి ఎన్ని నీళ్ళు పోయాలి అంటే దానికి జవాబు నీళ్ళలో లేదు, వెలుతురులో ఉంది. వెలుతురు బాగా ఉన్నచోట మొక్క చురుగ్గా పని చేస్తుంది, నీళ్ళు ఎక్కువ తాగుతుంది, మట్టి త్వరగా ఆరుతుంది. అదే మొక్కని గది మూలకి జరిపితే సగం కూడా తాగదు. మీరు మాత్రం పాత లెక్కలోనే పోస్తుంటారు. కాబట్టి కింద చెప్పే స్టెప్స్‌లో మొదటిదాన్ని దాటేసి నేరుగా నీళ్ళ దగ్గరికి వెళ్ళకండి ప్లీజ్.

స్టెప్ 1: మొక్క తెచ్చే ముందే చోటు చూసుకోండి

మన కళ్ళు ఈ విషయంలో పెద్ద మోసం చేస్తాయి. బయట ఎర్రటి ఎండలో వెలుతురు 1,00,000 లక్స్ (వెలుతురు కొలిచే యూనిట్) దాకా ఉంటుంది, గది మధ్యలో చూస్తే 100 నుంచి 500 లక్స్ ఉంటే గొప్ప. అంటే కొన్ని వందల రెట్లు తేడా, కానీ కన్ను సర్దుకుపోతుంది కాబట్టి మనకి గది బానే వెలుగ్గా ఉన్నట్టు అనిపిస్తుంది. మొక్కకి అలా సర్దుకోవడం రాదు, పడిన వెలుతురుతోనే అది బతకాలి.

దీనికో చిన్న టెస్ట్ ఉంది, పైసా ఖర్చు లేదు. మధ్యాహ్నం పూట మొక్క పెట్టాలనుకున్న చోట తెల్ల కాగితం పెట్టి దానికి అడుగు ఎత్తులో చెయ్యి పట్టుకోండి. నీడ అంచులు కత్తిరించినట్టు స్పష్టంగా ఉంటే మంచి వెలుతురు. నీడ మసకగా ఉన్నా అది చెయ్యే అని తెలుస్తుంటే మధ్యస్థం. నీడ ఉందో లేదో అనే డౌటొస్తే తక్కువ వెలుతురు, అక్కడ పెట్టగలిగే మొక్కలు చాలా కొద్ది. ఫోన్‌లో లైట్ మీటర్ యాప్స్ కూడా ఉంటాయి, పక్కాగా కాకపోయినా రెండు చోట్లని పోల్చి చూడటానికి పనికొస్తాయి. ఒకసారి కిటికీ పక్కన, ఒకసారి రెండు మీటర్ల లోపల కొలిచి చూడండి, అంకె ఎంతలా పడిపోతుందో చూస్తే ఆశ్చర్యపోతారు.

కిటికీ ఏ దిక్కో కూడా చూసుకోవాలి. తూర్పు కిటికీ అయితే చాలా మొక్కలకి హాయి, పొద్దుటి లేత ఎండ ఆకుల్ని కాల్చదు. పడమటి ఎండ ఘాటుగా ఉంటుంది, పల్చటి కర్టెన్ ఉంటే మేలు. భూమధ్యరేఖకి పైన ఉన్న దేశాల్లో దక్షిణం కిటికీకి ఎక్కువసేపు ఎండ, ముఖ్యంగా చలికాలంలో. కింద ఉన్న దేశాల్లో ఉత్తరం కిటికీకి అలా. ఎదురుగా పెద్ద బిల్డింగో చెట్టో అడ్డముంటే ఈ లెక్కలన్నీ తారుమారే, అందుకే నేను దిక్కు కంటే నీడ టెస్ట్‌నే నమ్ముతా.

కిటికీయే లేని గదిలో మొక్క పెట్టాలని ఉంటే మామూలు తెల్ల ఎల్ఈడీ లైటు కూడా పని చేస్తుంది, ఆ ఊదారంగు గ్రో లైట్లే ఉండాలని రూలేం లేదు. మొక్కకి అడుగు దూరంలో పైనుంచి పడేలా పెట్టి టైమర్‌తో రోజుకి 12 గంటలు వెలిగించండి. 24 గంటలూ వెలిగించకండి, చీకటి కూడా కావాలి వాటికి.

వెలుతురు చాలకపోతే మొక్క చెప్తుంది. కాడ మీద కణుపుకీ కణుపుకీ మధ్య దూరం పెరిగిపోయి సన్నగా సాగుతుంది, కొత్త ఆకులు పాతవాటికంటే చిన్నగా వస్తాయి, తెలుపో పసుపో చారలున్న ఆకులు మెల్లగా మామూలు పచ్చ అయిపోతాయి. ఎక్కువైతే ఆకు మీద తెల్లబోయిన మచ్చలు, తర్వాత గోధుమరంగులో పెళుసుగా కాలిన మచ్చలు. నీడలో ఉన్న మొక్కని ఒక్కరోజులో ఎండలో పెట్టేస్తే కూడా ఇలాగే అవుతుంది, వారం రెండు వారాలు టైమిచ్చి కొంచెం కొంచెంగా జరపండి.

ఇంకోటి, మొక్క వెలుతురు వైపు వంగుతుంది కదా, నీడ పడిన వైపు ఆక్సిన్ అనే హార్మోన్ పోగై అటువైపు కాడ ఎక్కువ సాగడం వల్ల అలా అవుతుంది. వారానికోసారి కుండీని పావు వంతు తిప్పితే నిటారుగా పెరుగుతుంది. ఆకుల మీద దుమ్ము కూడా తడిగుడ్డతో తుడవండి, దుమ్ము పేరుకుంటే ఉన్న కాస్త వెలుతురు కూడా ఆకుకి అందదు. ఆకుకి మెరుపు తెప్పించే నూనెలు, స్ప్రేలు మాత్రం వద్దు, ఆకు ఊపిరి తీసుకునే రంధ్రాలు మూసుకుపోతాయి.

స్టెప్ 2: చోటుకి తగ్గ మొక్క

ఇది చాలామంది తిరగేసి చేస్తారు. ముందు ఫోటోలో చూసి ఫిడిల్ లీఫ్ ఫిగ్ మీద మనసు పారేసుకుని తెచ్చేసుకుని, తర్వాత ఎక్కడ పెట్టాలా అని ఇల్లంతా వెతుకుతారు.

తక్కువ వెలుతురుకి స్నేక్ ప్లాంట్, జెడ్‌జెడ్ ప్లాంట్, అగ్లోనిమా, మనీ ప్లాంట్. ఇవి తక్కువ వెలుతురుని ఇష్టపడతాయని కాదు, ఓర్చుకుంటాయని మాత్రమే. వీటిని కూడా కిటికీ దగ్గర పెడితే రెట్టింపు బాగా పెరుగుతాయి. మధ్యస్థంగా ఉంటే ఫిలోడెండ్రాన్, స్పైడర్ ప్లాంట్, పీస్ లిల్లీ. రబ్బర్ ప్లాంట్‌కి, అరేకా పామ్‌కి ఇంకాస్త ఎక్కువ ఉంటే మంచిది. కలబంద, కాక్టస్, సక్యులెంట్స్ (మందపాటి ఆకుల్లో నీళ్ళు దాచుకునే మొక్కలు), క్రోటన్స్, ఆ ఫిడిల్ లీఫ్ ఫిగ్ ఇవన్నీ కిటికీకి అతుక్కుని కూర్చోవాల్సిన బ్యాచ్.

మొదటిసారి పెంచుతున్నారా, జెడ్‌జెడ్‌తో మొదలెట్టండి అంటా నేను. దాని సొంత ప్రాంతం తూర్పు ఆఫ్రికా, అక్కడ నెలల తరబడి వానలుండవు కాబట్టి మట్టిలో దుంపలు పెంచుకుని వాటిలో నీళ్ళు దాచుకుంటుంది. మీరు నెలరోజులు మర్చిపోయినా ఏమీ అనుకోదు. దాన్ని చంపాలంటే రోజూ నీళ్ళు పోయడమొక్కటే దారి. ఇక మనీ ప్లాంట్ సంగతి తమాషా, దాని పుట్టిల్లు పసిఫిక్‌లో మోరియా అనే చిన్న దీవి, ఇప్పుడు ప్రపంచంలో అది లేని ఊరు లేదు. అది పువ్వు పూయగా చూసినవాళ్ళు మాత్రం దాదాపు ఉండరు, పూతకి కావాల్సిన జిబ్బరెల్లిన్ హార్మోన్ అది సరిగ్గా తయారు చేసుకోలేదని 2016లో పరిశోధకులు తేల్చారు. కాబట్టి మీ మనీ ప్లాంట్ పూయట్లేదని బెంగ పెట్టుకోకండి.

ఇంట్లో పిల్లో కుక్కో ఉంటే ఈ పేరా రెండుసార్లు చదవండి. మనీ ప్లాంట్, ఫిలోడెండ్రాన్, పీస్ లిల్లీ, జెడ్‌జెడ్, డిఫెన్‌బాకియా, వీటి ఆకుల్లో కాల్షియం ఆక్సలేట్ సూదుల్లా ఉంటుంది, నమిలితే నోరు, నాలుక మండిపోయి వాస్తాయి. చిన్నపిల్లలకి కూడా అంతే, అందకుండా పెట్టాలి. అసలైన లిల్లీలు, అంటే బొకేల్లో వచ్చే పెద్ద పువ్వులవి, పిల్లులకి ఇంకా ప్రమాదం, కొంచెం పుప్పొడి నాకినా కిడ్నీలు పాడవుతాయి. పిల్లి ఉన్న ఇంట్లోకి వాటిని అసలు రానివ్వొద్దు. స్పైడర్ ప్లాంట్, అరేకా పామ్, కలేథియా, బోస్టన్ ఫెర్న్ అయితే పర్లేదు.

గాలి శుభ్రం చేస్తాయని మొక్కలు కొనేవాళ్ళకి ఒక మాట. 1989లో నాసా చేసిన ప్రయోగం సీల్ చేసిన చిన్న చాంబర్‌లో చేసింది, మన ఇల్లు అలా ఉండదు, తలుపు సందుల్లోంచి, కిటికీల్లోంచి గాలి వస్తూ పోతూ ఉంటుంది. 2019లో వచ్చిన ఒక సమీక్ష లెక్క కట్టి చూస్తే అలా వచ్చిపోయే గాలి చేసేంత శుభ్రం మొక్కలు చేయాలంటే ఒక్కో చదరపు మీటరుకి 10 నుంచి 1,000 మొక్కలు పెట్టాలట! అన్ని పెట్టాక మనుషులెక్కడ ఉండాలి? చూడ్డానికి బాగుంటాయి, మనసుకి బాగుంటుంది, అది చాలదా.

స్టెప్ 3: కొత్త మొక్కని రెండు మూడు వారాలు వేరుగా ఉంచండి

పురుగులు ఇంట్లోకి వచ్చేది ఎక్కువగా కొత్త మొక్కతోనే. తెచ్చిన రోజే ఆకుల కింద, కాడలు కలిసే సందుల్లో, మట్టి పైన చూడండి. శుభ్రంగా కనిపించినా మిగతావాటికి దూరంగా పెట్టండి, గుడ్లు కంటికి కనపడవు. ఈ టైమ్‌లో రెండు మూడు ఆకులు పసుపై రాలితే కంగారు పడొద్దు, చోటు మారింది కదా, సర్దుకుంటోంది. తెచ్చిన రోజే కుండీ మార్చడం కూడా వద్దు, ఒక దెబ్బ తర్వాత ఇంకో దెబ్బ ఎందుకు.

స్టెప్ 4: కుండీ, మట్టి

కుండీకి కింద కన్నం ఉండాలి. దీంట్లో బేరాల్లేవు. అందమైన సిరామిక్ కుండీకి కన్నం లేకపోతే, మొక్కని కన్నాలున్న ప్లాస్టిక్ కుండీలో ఉంచి దాన్ని ఇందులో దించండి, నీళ్ళు పోసేటప్పుడు బయటికి తీసి పోసి, కారడం ఆగాక మళ్ళీ లోపల పెట్టండి.

కన్నం లేకపోతే అడుగున గులకరాళ్ళు వేస్తే సరిపోతుంది అని చాలామంది చెప్తారు. సరిపోదు. స్పాంజిని తడిపి నిలబెడితే నీళ్ళు కింది అంచులో ఆగిపోతాయి చూడండి, మట్టి కూడా అంతే, సన్న మట్టిలోని నీళ్ళు ఆ మట్టి పూర్తిగా నానితే తప్ప కిందున్న రాళ్ళ సందుల్లోకి దిగవు. రాళ్ళు వేయడం వల్ల ఆ తడి పొర ఇంకా పైకి, వేర్ల దగ్గరికి వస్తుంది అంతే. కన్నంలోంచి మట్టి పోకుండా చిన్న జాలీ ముక్క వేస్తే చాలు.

మట్టికుండీ గోడల్లోంచి కూడా నీరు ఆవిరవుతుంది, అందుకే నీళ్ళు ఎక్కువ పోసే చెయ్యి ఉన్నవాళ్ళకి అదే మంచిది. ప్లాస్టిక్, గ్లేజ్ వేసిన సిరామిక్ తడిని పట్టి ఉంచుతాయి, మర్చిపోయేవాళ్ళకి అవి.

పెరట్లో మట్టి తెచ్చి కుండీలో వేయకండి, నాలుగుసార్లు నీళ్ళు పడేసరికి ఇటుకలా గట్టిపడుతుంది. నేను వాడేది రెండు వంతులు కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి), ఒక వంతు పెర్లైట్ (మట్టిని గుల్లగా ఉంచే తేలికైన తెల్ల గుళికలు), ఒక వంతు వర్మీకంపోస్ట్. కోకోపీట్‌ని ముందు నీళ్ళలో నానబెట్టి ఒకటి రెండుసార్లు కడిగి పిండండి, కొన్నిట్లో ఉప్పు ఉంటుంది. సక్యులెంట్స్‌కి, స్నేక్ ప్లాంట్‌కి అయితే సగం దాకా పెర్లైటో గరుకు ఇసుకో ఉండాలి. గుప్పిట్లో పట్టి పిండి వదిలితే ముద్దలా ఉండకుండా విడిపోవాలి, అది సరైన మిక్స్.

స్టెప్ 5: ఇప్పుడు నీళ్ళు

ముందుగా, క్యాలెండర్ చించి అవతల పారేయండి. వారానికి రెండుసార్లు, మూడు రోజులకోసారి, ఈ లెక్కలన్నీ పనికిరావు ఎందుకంటే మబ్బు పట్టిన వారం వేరు, ఎండ కాసిన వారం వేరు, ఏసీ వేసిన గది వేరు, పెద్ద కుండీ వేరు చిన్న కుండీ వేరు. వారానికి రెండుసార్లు చెక్ చేయండి, పోయడం మాత్రం అవసరమైతేనే.

చెక్ చేయడం ఎలా అంటే వేలు మట్టిలోకి రెండు అంగుళాలు దించండి. పైన ఆరినట్టు కనిపించినా లోపల తడి ఉంటుంది, అందుకే చూసి చెప్పొద్దు, ముట్టుకుని చెప్పాలి. పెద్ద కుండీ అయితే సన్నటి చెక్క పుల్ల అడుగుదాకా గుచ్చి రెండు నిమిషాలాగి తీయండి, తడి మట్టి అంటుకుని వస్తే ఇంకా టైముంది. నాకు బాగా అలవాటైంది మాత్రం కుండీ ఎత్తి చూడటం. నీళ్ళు పోసిన వెంటనే ఒకసారి ఎత్తి బరువు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ నాలుగు రోజులకి ఎత్తండి, ఒక నెలలో మీ చేతికే తెలిసిపోతుంది.

మనీ ప్లాంట్, ఫిలోడెండ్రాన్, రబ్బర్ ప్లాంట్‌లకి పైన రెండు అంగుళాలు ఆరాక పోయాలి. స్నేక్ ప్లాంట్, జెడ్‌జెడ్, సక్యులెంట్స్‌కి మట్టి అడుగుదాకా పొడిగా అయ్యాక, ఆ తర్వాత ఇంకో రెండు రోజులాగినా తప్పులేదు. ఫెర్న్స్, కలేథియాలకి పూర్తిగా ఆరనివ్వకూడదు, పైన అర అంగుళం ఆరగానే పోసెయ్యాలి. పీస్ లిల్లీ దానంతటదే అడుగుతుంది, కొంచెం వాలుతుంది, పోశాక గంటల్లో లేచి నిలబడుతుంది. కానీ వాలినప్పుడల్లా మట్టి ముట్టుకునే పోయండి, నా కథ చెప్పా కదా.

పోసేటప్పుడు పిసినారితనం వద్దు. గ్లాసుడు గ్లాసుడు రోజూ పోస్తే పైన రెండు అంగుళాలే తడుస్తుంది, కింది వేర్లకి ఏమీ అందదు. కింద కన్నంలోంచి నీళ్ళు కారేదాకా మట్టంతా తడిసేలా మెల్లగా పోసి, అరగంట తర్వాత ప్లేటులో నిలిచినవి పారబోయండి. కొన్నిసార్లు పోసిన నీళ్ళు పోసినట్టే పక్కనుంచి జారి కిందకి వచ్చేస్తాయి, మట్టి మరీ ఎండిపోయి నీళ్ళని పీల్చుకోవడం మానేసిందన్నమాట. అప్పుడు కుండీని నీళ్ళున్న టబ్‌లో 20 నుంచి 30 నిమిషాలు పెట్టండి, కింది నుంచి లాక్కుంటుంది.

చలికాలంలో, మబ్బు రోజుల్లో ఎదుగుదల నెమ్మదిస్తుంది, నీళ్ళు కూడా తగ్గిపోవాలి, చాలా మొక్కలు ఈ టైమ్‌లోనే పోతాయి. నీళ్ళు మరీ చల్లగా ఉండకూడదు, గది వేడికి దగ్గరగా ఉండాలి. స్పైడర్ ప్లాంట్, డ్రసీనా ఆకుల కొసలు అస్తమానం మాడిపోతుంటే నీళ్ళలో ఫ్లోరైడ్, ఉప్పులు ఎక్కువ ఉండొచ్చు, వాన నీళ్ళో ఆర్‌ఓ నీళ్ళో పోసి చూడండి. రాత్రంతా బకెట్లో ఉంచితే క్లోరిన్ పోతుంది కానీ ఫ్లోరైడ్ పోదు. వాటర్ సాఫ్ట్‌నర్ (కఠిన జలాన్ని మృదువుగా మార్చే మెషీన్) నుంచి వచ్చే నీళ్ళలో సోడియం ఉంటుంది, అవి వాడొద్దు.

పది రోజులు ఊరెళ్తున్నారా? వెళ్ళేముందు బాగా నీళ్ళు పోసి, మొక్కల్ని కిటికీ నుంచి కాస్త వెనక్కి జరపండి. వెలుతురు తగ్గితే దాహం తగ్గుతుంది, అంతే లాజిక్కు. ఫెర్న్ లాంటివుంటే పక్కన నీళ్ళ గిన్నె పెట్టి దాంట్లోంచి మట్టిలోకి ఒక నూలు తాడు వేయండి.

స్టెప్ 6: గాలిలో తేమ, వేడి

మనకి హాయిగా ఉండే 18 నుంచి 27 డిగ్రీల మధ్య వాటికీ హాయే. 10 డిగ్రీలకి తక్కువైతే చాలా ఉష్ణమండల మొక్కలు దెబ్బతింటాయి. ఏసీ గాలి, హీటర్ గాలి డైరెక్టుగా ఆకుల మీద కొట్టకుండా చూసుకోండి. తేమ 40 నుంచి 60 శాతం ఉంటే ఎక్కువ మొక్కలకి చాలు. ఆకుల మీద స్ప్రే చేస్తే తేమ పెరుగుతుందనేది ఉత్తమాట, ఆ నీళ్ళు కాసేపట్లో ఆవిరైపోతాయి, పైగా ఆకులు తడిగా ఉండి మచ్చల రోగాలొస్తాయి. మొక్కల్ని గుంపుగా పెట్టడం కొంచెం నయం, నిజంగా కావాలంటే గాలిలోకి తేమ వదిలే మెషీన్, అంటే హ్యుమిడిఫైయరే.

స్టెప్ 7: ఎరువు

మట్టి ఎంత మంచిదైనా కుండీలో పోషకాలు కొన్ని నెలల్లో అయిపోతాయి. కొత్త చిగుళ్ళు వేస్తున్న కాలంలో నెలకోసారి, 19-19-19 లాంటి నీళ్ళలో కరిగే ఎన్‌పీకే (నైట్రోజన్, ఫాస్ఫరస్, పొటాషియం) ఎరువు ప్యాకెట్ మీద రాసిన డోసులో సగం, అదీ తడిగా ఉన్న మట్టిలో పోయండి. పొడి మట్టిలో పోస్తే వేర్లు మాడతాయి. జబ్బు చేసిన మొక్కకి, కొత్తగా కుండీ మార్చిన మొక్కకి, ఎదుగుదల ఆగిపోయిన కాలంలో వద్దు. ఎరువు మందు కాదు, ఆకలి ఉన్నవాడికి పెట్టే అన్నం లాంటిది, జ్వరంతో పడుకున్నవాడి నోట్లో కుక్కితే ఏమవుతుందో మీకు తెలుసు.

మట్టి మీద, కుండీ అంచున తెల్లటి పొర కడితే అవి పేరుకున్న ఉప్పులు. కుండీని సింకులో పెట్టి, కుండీ సైజుకి రెండు మూడింతల నీళ్ళు మెల్లగా పోసి కారనివ్వండి.

స్టెప్ 8: ఆకుని చదవడం

ఒక్క గుర్తు చూసి రోగం ఇదీ అని తేల్చొద్దు, ప్రతిదానికీ మట్టి తడి కూడా కలిపి చూడాలి. మొక్క వాలిపోయి మట్టి పొడిగా, కుండీ తేలిగ్గా ఉంటే దాహం, నీళ్ళు పోస్తే లేస్తుంది. వాలిపోయి మట్టి తడిగా ఉంటే వేర్లలో తేడా, నీళ్ళు అసలు వద్దు. కింది ఆకులు ఒకటీ అరా అప్పుడప్పుడు పసుపైతే వయసు మీద పడి, అది మామూలే. ఒకేసారి నాలుగైదు పసుపై మట్టి చెమ్మగా ఉంటే నీళ్ళెక్కువ. కొత్త ఆకులే పాలిపోయి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఐరన్ అందట్లేదు, ఎక్కువసార్లు దీనికి కారణం మట్టి pH పెరగడం, అంటే మట్టిలో క్షార గుణం ఎక్కువవడం. ఆకు కొసలు మాత్రమే గోధుమరంగైతే పొడి గాలి, ఉప్పులు, లేకపోతే నీళ్ళు ఒకసారి ఎక్కువ ఒకసారి తక్కువ పోయడం. కాడ మొదట్లో మెత్తబడి నొక్కితే లోపలికి పోతుంటే పరిస్థితి సీరియస్, చివరి స్టెప్‌కి వెళ్ళండి.

మాడిన కొస మళ్ళీ పచ్చబడదు. మీరు చేసిన మార్పు పని చేసిందా లేదా అనేది కొత్త ఆకు చెప్తుంది, పాత ఆకు కాదు. అందుకే ఒకసారికి ఒకటే మార్పు చేసి రెండు మూడు వారాలు ఆగండి. ఒకే రోజు చోటు మార్చి, కుండీ మార్చి, ఎరువేసి, మందు కొడితే ఏది బాగు చేసిందో ఏది చంపిందో ఎవరికి తెలుస్తుంది?

స్టెప్ 9: పురుగులు

మట్టి చుట్టూ చిన్న నల్ల దోమల్లాంటివి ఎగురుతుంటే అవి ఫంగస్ నాట్స్. పెద్దవి ఏమీ చేయవు కానీ పైనున్న తడి మట్టిలో గుడ్లు పెడతాయి, ఆ పిల్లలు లేత వేర్లని కొరుకుతాయి. మట్టి పైపొర బాగా ఆరనివ్వడమే అసలు మందు, పసుపు జిగురు అట్టలు ఎగిరేవాటిని పట్టుకుంటాయి. గుడ్డు నుంచి పెద్దదయ్యేసరికి మూడు నాలుగు వారాలు పడుతుంది కాబట్టి కనీసం నెలరోజులు ఓపిక పట్టాలి. ఇవి వచ్చాయంటే నీళ్ళు ఎక్కువ పోస్తున్నట్టు కూడా లెక్క.

కాడల సందుల్లో తెల్ల దూదిలా ఉంటే పిండినల్లి. దూది పుల్లని 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి ఒక్కోదాన్ని తుడవండి, ముందు ఒక ఆకు మీద ట్రై చేసి రెండు రోజులాగి చూశాకే. ఆకుల మీద సన్నటి పాలిపోయిన చుక్కలు, కింద సాలెగూడు లాంటి సన్న దారాలు ఉంటే ఎర్రనల్లి, పొడిగాలిలో విజృంభిస్తుంది. మొక్కని షవర్ కింద పెట్టి ఆకుల అడుగు భాగం గట్టిగా కడగండి, సగం గొడవ అక్కడే పోతుంది. కాడకి గోధుమరంగు పొలుసుల్లా అంటుకుని ఉంటే పొలుసు పురుగు, గోటితో గీకి తీయాలి, ఆకులు జిగురుగా అయ్యాయంటే ఇవో పిండినల్లో ఉండొచ్చు. ఆకు మీద వెండి రంగు గీతలు, నల్లటి చుక్కలు కనిపిస్తే తామర పురుగులు, నాకు అన్నిట్లోకీ చిరాకు ఇవే, వదలవు ఓ పట్టాన.

అన్నిటికీ పనికొచ్చేది వేపనూనె. లీటరు గోరువెచ్చటి నీళ్ళకి 5 మిల్లీలీటర్ల నూనె, కొన్ని చుక్కల లిక్విడ్ సోప్ వేసి బాగా గిలకొట్టి సాయంత్రం పూట ఆకుల రెండువైపులా కొట్టండి. సోప్ లేకపోతే నూనె నీళ్ళలో కలవదు, ఎండలో కొడితే ఆకులు మాడతాయి. ఒక్కసారితో అయిపోయిందనుకోవద్దు, గుడ్లు చావవు, వారానికోసారి చొప్పున మూడు నాలుగు సార్లు కొట్టాలి.

స్టెప్ 10: కుండీ మార్చడం

కింద కన్నంలోంచి వేర్లు బయటికొస్తుంటే, పోసిన నీళ్ళు ఒక్కరోజులో ఆరిపోతుంటే, ఎదుగుదల ఆగితే అప్పుడు మార్చండి. చాలావాటికి ఏడాది రెండేళ్ళకోసారి పడుతుంది. కొత్త కుండీ పాతదానికంటే ఒకటి రెండు అంగుళాలే వెడల్పు ఉండాలి. పెరుగుతుంది కదా అని ఒకేసారి పెద్ద కుండీలో పెడితే వేర్లు లేని మట్టంతా రోజుల తరబడి తడిగా ఉండి మళ్ళీ కుళ్ళు మొదలవుతుంది. పాత లోతులోనే నాటండి, కాడ మట్టిలో కప్పెట్టొద్దు.

స్టెప్ 11: కుళ్ళిపోతున్న మొక్కని కాపాడటం

ఇది మీకు అవసరం రాకూడదు, వస్తుంది కాబట్టి రాస్తున్నా. మొక్కని కుండీలోంచి తీసి మట్టంతా దులిపి వేర్లు కడగండి. తెల్లగానో లేత గోధుమరంగులోనో గట్టిగా ఉన్నవి బతికున్నవి. నల్లగా మెత్తగా ఉండి, లాగితే పైతొక్క జారిపోయేవి చచ్చినవి, వాటిని స్పిరిట్‌తో తుడిచిన కత్తెరతో మంచి భాగం దాకా కత్తిరించండి, జాలి చూపించొద్దు. సగం వేర్లు పోతే ఆకులు కూడా కొన్ని తీసేయండి, ఉన్న వేర్లు అన్ని ఆకులకి నీళ్ళందించలేవు. పాత మట్టి పారేసి, కుండీని సబ్బుతో కడిగి, మిగిలిన వేర్లకి సరిపోయేంత చిన్న కుండీలో కొత్త మిక్స్‌తో నాటి, ఒక్కసారి కొంచెం తడిపి, నేరుగా ఎండ పడని వెలుగులో పెట్టండి.

వేర్లన్నీ పోయి పైన కాడ బాగుంటే కూడా దారుంది. మనీ ప్లాంట్, ఫిలోడెండ్రాన్ లాంటివైతే కణుపుకి అర అంగుళం కింద కోసి, ఆ కణుపు మునిగేలా నీళ్ళలో పెట్టండి. కణుపు లేకుండా ఒట్టి ఆకు పెడితే వేరొచ్చినా కొత్త తీగ రాదు, అది గుర్తుంచుకోండి. వారానికోసారి నీళ్ళు మార్చండి. రెండు మూడు అంగుళాల వేర్లొచ్చాక మట్టిలోకి మార్చి, మొదటి రెండు వారాలు మట్టిని మామూలుకంటే కాస్త చెమ్మగా ఉంచి, కొత్త ఆకు విప్పుకునేదాకా ఎరువు జోలికి వెళ్ళకండి.